తర్లుపాడు పలకల గుంతలో బాప్తిస్మం

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. రాస్తే మా సంఘంవాళ్ళను నేనే రచ్చకీడ్చినట్టవుతుంది. కానీ వారమైనా కోపం దిగలేదు. ఆ దారిన పోయేవాళ్ళకైనా పనికొస్తుందని రాస్తున్నాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చాక ఇది రెండో వేసవి. సగిలేరు ఎండిపోయింది. మా చెల్లెలు లక్ష్మమ్మకేమో బాప్తిస్మం కావాలి. మా బాప్టిస్టుల్లో నెత్తిన నీళ్ళు చల్లితే చెల్లదు, నిలువునా ముంచాలి. అన్ని నీళ్ళు తర్లుపాడు దగ్గర పలకరాయి తవ్వి వదిలేసిన గుంతలోనే ఉన్నాయంటే గిద్దలూరులో పొద్దుటి రైలెక్కాం. స్టేషన్లో దిగి మస్తాన్ అనే అతని ఎద్దులబండి మాట్లాడుకున్నాం. రానూపోనూ రూపాయిన్నర.

"మునిగేదానికి ఇంత దూరమా పెద్దాయనా? మీ ఊళ్ళో బావుల్లేవా?" అన్నాడు మస్తాన్.

"ఉండాయి. మేం మునిగితే ఆ నీళ్ళు తాగేదెవరని ఊళ్ళోవాళ్ళు కర్రలు తీస్తారు" అన్నాను.

దారి పొడుగునా పలకల ముక్కలే. నేను బడి ముఖం చూడలేదు. గొర్రెల వెంట తిరుగుతూ ఇట్లాంటి పగిలిన ముక్క మీదే అక్షరాలు దిద్దుకున్నాను. నా 'ఖ' ఇప్పటికీ వంకరే. సరే, అది వేరే కథ.

చెల్లెలు బండిలో తన సాక్ష్యం వల్లె వేసుకుంటోంది. తానెట్లా మారిందో ప్రతి మనిషీ సంఘం ముందు తన నోటితోనే చెప్పాలి. అన్న నమ్మకం చెల్లెలికి అక్కరకు రాదు. మా మతానికి ప్రాణం అదే. ఆమె కథ చిన్నది. పొలం గట్టు దున్నేసుకున్న మరిదిని శపించాలని మోకరించిందట. శాపం నోటికి రాలేదట, అతని పిల్లల పేర్లు వచ్చాయట.

గుంత ఒడ్డున, కోస్తా నుంచి వచ్చిన ప్రసంగీకుడు, లోకమంతటికీ సువార్త చేరాలని ఎండ నడినెత్తికొచ్చేదాకా చెప్పాడు. బర్మా చెప్పాడు, తాను పోబోయే ఆఫ్రికా చెప్పాడు. చేరాల్సిందే, కాదనను. తర్వాత బాప్తిస్మానికి వచ్చినవాళ్ళందరినీ నీళ్ళలోకి దింపి, గడియారం చూసుకుని, "నమ్మినవాళ్ళందరూ ఒక్కసారి చేతులెత్తండి" అన్నాడు.

చెల్లెలు ఎత్తలేదు. "నేను చెప్పాల అయ్యగారూ."

"అందరి సాక్ష్యమూ ఒకటేనమ్మా. నాకు రైలు వేళవుతోంది."

"అందరిదీ ఒకటెట్లయితాది? ఆ ప్రభువు నన్ను పేరు పెట్టి పిలిచినాడు."

"మీ తరపున మీ అన్నగారు చెబుతారులే."

"నా తరపున మునిగేది గూడా మా అన్నేనా?" అంటూ మోకాటి లోతు నీళ్ళలోంచి వెనక్కి వచ్చేసింది.

"ఆఫ్రికాకు ఓడలో పోయే తీరికుంది, ఈమె మాట వినే తీరిక లేదా అయ్యా?" అన్నాను. ఆయన అటు తిరిగి పక్కనున్న ముసలాయన తల ముంచాడు.

నా కోపమంతా, లోకమంటే ఎక్కడో సముద్రానికవతలే మొదలవుతుందనుకునే ఇట్లాంటి పెద్దల మీద. కళ్ళెదుట నిలబడిన మనిషి కథ అక్కర్లేనివాడు అక్కడికి పోయి ఎవరిని మారుస్తాడో నాకు తెలియదు. మీరు ఆ గుంతకు పోతే మాత్రం ఒక జాగ్రత్త: తడిసిన పలకరాయి నూనె పూసినట్టు జారుతుంది, చెప్పులు ఒడ్డునే వదిలి దిగండి.

తిరుగుదారిలో మస్తాన్ మూటలోని పొడి చీర చూసి, "ఏందమ్మా, మార్చుకోనే లేదే?" అన్నాడు. చెల్లెలు తన సాక్ష్యం, మోకరించిన రోజు నుంచీ మొత్తం అతనికి చెప్పింది. స్టేషను వచ్చేదాకా విన్నాడు.

"మరి మీ మరిది గట్టు వదిలినాడా?"

"లేదు నాయనా."

అతను ఎద్దుల్ని నీడకు తోలి, మూట దించాడు.