అప్పు నీళ్లు

మా ఇంట్లో సర్కారు అప్పుల మీద గొడవ మొదలు కావడానికి టీవీ పెట్టనక్కరలేదు. మామ వచ్చి గుమ్మం ముందు చెప్పులు విడిస్తే చాలు. ఆయన ఇంకా కాళ్లు కడుక్కుంటూ ఉండగానే బాపు లోపలి నుంచి పలకరించేవాడు.

"ఏం బామ్మర్దీ, మీవోళ్లు ఈ వారం ఇంకెంత తెచ్చిండ్రు అప్పు?"

"తెచ్చినంత తెచ్చిండ్రు బావా. నీ జీతం గూడ అండ్లకెల్లే ఇచ్చిండ్రు. జర చాయ్ పొయ్యమను."

మామ అంటే అమ్మకు తమ్ముడు. మర్రిగూడ దగ్గర వానను నమ్ముకుని పత్తి, కంది వేసే రైతు. బాపుది నల్గొండలో ట్రెజరీ ఆఫీసు, సర్కారు బిల్లులు చూసి పాస్ చేసే పని. తెలంగాణ కోసం ఇద్దరూ ఒకే రోడ్డు మీద కూర్చుని ఒకే నినాదం ఇచ్చినవాళ్లే. రాష్ట్రం వచ్చాక దారులు వేరయ్యాయి. రాష్ట్రాన్ని మొదట ఏలిన పార్టీ కండువా మామ మెడలోకి వచ్చింది. బాపు సర్కారు ఉద్యోగి కాబట్టి ఏ కండువా వేసుకోలేదు గానీ, ఆయన ఓటు అవతలి పార్టీకేనని మా వీధిలో అందరికీ తెలుసు.

బావా బామ్మర్దుల మాటలకు మా వైపు పట్టింపు ఉండదు. ఎంత మాటైనా అనుకోవచ్చు. రోషం తెచ్చుకున్నవాడే ఓడినట్టు లెక్క. అందుకే ఆ గొడవలు వినడం నాకు సరదాగా ఉండేది. అమ్మ కూడా వంటింట్లో గిన్నెల చప్పుడు తగ్గించి మరీ వినేది, అప్పుడప్పుడు తనలో తాను నవ్వుకునేది.

నేను జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. నా ఖర్మకు ఇద్దరూ నన్నే పెద్దమనిషిని చేసేవారు. "ఏమే కోడలా, నువ్వే చెప్పు, అప్పు తేకుంట ఏ రాజ్యమన్న బాగుపడ్డదా?" అని మామ. "తెచ్చుడే తప్ప కట్టుడు లేకుంట ఏ రాజ్యమన్న నిలవడ్డదా, అది గూడ చెప్పు బిడ్డా" అని బాపు. దేని కోసం తెచ్చారు, దానివల్ల రేపు ఏం వస్తుంది అన్నదాన్ని బట్టి ఉంటుందని నేను పాఠంలో ఉన్నదే చెప్పేదాన్ని. గెలిచింది తనేనని ఇద్దరూ మీసం దువ్వుకునేవారు. నా చదువు మా ఇంట్లో అంతవరకే పనికొచ్చింది.

మామకు ఆ పార్టీ మీద అంత ప్రేమ ఊరికే రాలేదు. నీళ్ల వల్ల వచ్చింది. ఆ వైపు భూమిలోని నీళ్లలో పళ్లను, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడు ఉంటుంది. అమ్మ పుట్టినప్పటి నుంచి పెళ్లయ్యేదాకా ఆ నీళ్లే తాగింది. నవ్వేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకునేది. చిన్నప్పుడు నేను అది సిగ్గు అనుకునేదాన్ని, పళ్ల మీది గోధుమరంగు చారలు దాచుకోవడానికని చాలా కాలం తెలియలేదు. నేను డిగ్రీకి వచ్చేసరికి మోకాళ్లు పట్టేయడం మొదలైంది. నేల మీద కూర్చుంటే లేవడానికి గోడ కావాల్సి వచ్చేది.

నేను అమ్మ కడుపులో ఉన్నప్పుడు బాపు మొదటిసారి అత్తగారింటికి నీళ్ల డబ్బా మోసుకుపోయాడట. స్కూటర్ మీద, కాళ్ల మధ్య పెట్టుకుని. నల్గొండ నల్లాల్లో అప్పటికే కృష్ణ నీళ్లు వచ్చేవి. ముందు అమ్మ కోసం, తర్వాత నా కోసం, ఆ తర్వాత మామ పిల్లల కోసం డబ్బా వెళ్తూనే ఉంది. చండూరు దాటాక రోడ్డు గుంతలు. ప్రతి గుంతలో నీళ్లు డబ్బాలో ఎగిరి పడే చప్పుడు నా చిన్నతనమంతా వినిపిస్తుంది. మేం చేరగానే అత్త ఆ నీళ్లను వేరే బిందెలో పోసి మూత పెట్టేది. ఆ నీళ్లతో పప్పు తొందరగా ఉడుకుతుందని మురిసిపోయేది. వెళ్లేటప్పుడు ఖాళీ డబ్బాలో కందులో, పెసళ్లో పోసి ఇచ్చేది.

రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు మామ పార్టీ సర్కారు అప్పు తెచ్చి ఊరూరికీ పైపులు వేసింది, మామ ఇంటి ముందు నల్లా పెట్టారు. ఆ రోజు మామ అమ్మకు ఫోన్ చేసి ఏమీ మాట్లాడలేదు. అమ్మ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కదలకుండా నిలబడిపోయింది.

"ఎవలు?" అన్నాడు బాపు.

"తమ్ముడు."

"ఏమంటడు?"

"ఏమంటలేడు. నీళ్లు వస్తున్నయి."

మామ ఫోన్‌ను నల్లా పక్కన పట్టుకుని నిలబడ్డాడన్నమాట. అమ్మ కళ్లు తుడుచుకుంది. బాపు కూడా ఆ రాత్రి ఆ సంగతే రెండు మూడుసార్లు తలచుకున్నాడు. కానీ తర్వాతి ఆదివారం మామ వచ్చేసరికి మళ్లీ పాత పాటే. "ఈ పైపుల అప్పు నీ మనుమలు కట్టాలె, యాదుంచుకో" అన్నాడు. మామ తడుముకోకుండా "కడ్తరు బావా. నడుములు వంగకుంట నిలవడి కడ్తరు" అన్నాడు. బాపు ఇంకో చాయ్ పొయ్యమన్నాడు.

నల్లా వచ్చినా బాపు డబ్బా మానలేదు. అవీ కృష్ణ నీళ్లే, ఇవీ కృష్ణ నీళ్లే, అవి పైపులో పోతే ఇవి స్కూటర్ ఎక్కి పోతున్నాయని నేను ఆటపట్టించేదాన్ని. "నీకు తెల్వది, ఊకో" అనేవాడు. మామ కూడా నవ్వుతూనే డబ్బా దించుకునేవాడు.

తర్వాత ఎన్నికల్లో బాపు ఓటేసిన పార్టీ గెలిచింది. మామకు ఫోన్ చేసి మరీ మిఠాయి తినడానికి రమ్మన్నాడు. అది జరిగిన కొన్ని నెలలకు బాపు రిటైరయ్యాడు. అప్పటికి అమ్మ మంచం నుంచి బాత్రూమ్ దాకా వెళ్లడమే గండంగా ఉంది. మోకాళ్లు మార్చాలని, ఇలాంటి ఎముకలకు అది తేలిక పని కాదని, హైదరాబాద్ తీసుకుపొమ్మని డాక్టర్ చెప్పాడు. బాపు దిగులు పడలేదు. రిటైరయ్యాక ఒక్కసారిగా చేతికొచ్చే పైసలు ఆయన అమ్మ మోకాళ్ల కోసమే అనుకుని పెట్టుకున్నాడు.

నెలలు గడిచినా ఆ పైసలు రాలేదు. ఇన్నేళ్లూ తాను కూర్చున్న కిటికీకి బాపు ఇప్పుడు ఇవతలి వైపు నిలబడాల్సి వచ్చింది. లోపలున్న కుర్రవాడు లేచి నిలబడి, "బిల్లు పాసైంది సార్, పైసలే లేవు" అని ఎంతో మర్యాదగా చెప్పేవాడట. ఆ మర్యాదే బాపును ఎక్కువ బాధపెట్టింది.

మామ ఊరుకోలేదు. "ఏమాయె బావా, ఇప్పుడు మీవోళ్లే గద?"

"మీవోళ్లు ఊడ్చిపెట్టి పోయిండ్రు. ఖాళీ కుండ చేతికిచ్చి వండుమంటె యాడికెల్లి వండాలె?"

"కుండ సూడకుంటనే అందరికి బంతి పెడ్తమన్నరా మరి?"

మామూలుగా అయితే బాపు ఇంకో మాట విసిరేవాడు. ఆ రోజు లేచి లోపలికి వెళ్లిపోయాడు. నాకు మొదటిసారి భయం వేసింది.

ఆ శ్రావణంలో బోనాలకని మామ ఊరికి వెళ్లాం. అమ్మ కోసం కారు కిరాయికి మాట్లాడుకున్నాం. డబ్బా డిక్కీలో పెట్టుకున్నాం. అమ్మను పట్టుకుని లోపలికి తీసుకెళ్లి మంచం మీద కూర్చోబెట్టేసరికి మామ స్టీలు గ్లాసులో నల్లా నీళ్లు తెచ్చి బాపుకు అందించాడు. ఎండలో వచ్చిన చుట్టానికి ఎవరైనా చేసేదే.

బాపు గ్లాసు అందుకోలేదు. "వద్దు బామ్మర్దీ. అవి అప్పు నీళ్లు. నాకు అరగయి" అన్నాడు.

అత్త నవ్వింది. మామ కూడా నవ్వబోయాడు. బాపు మాత్రం కారు దగ్గరికి వెళ్లి, డబ్బా దించి మూత తీసి, తన నీళ్లు వంచుకుని తాగాడు. మామ చేతిలో గ్లాసు అట్లాగే ఉంది. 

"బావా, ఇన్నేండ్లు నువ్వు తెచ్చిన నీళ్లు తాగినం. ఇవి ఎవలి పైసలతోని వచ్చినయని ఒక్కనాడన్న అడిగినమా?"

"అది వేరు, ఇది వేరు" అన్నాడు బాపు. ఆయన గొంతు పెరిగింది. "గీ పైపులకు పోసిన పైసలకే నా పైసలు ఆగినయి. మీ అక్క ఆపరేషన్ ఆగింది."

మామ ఆ గ్లాసు నీళ్లు తులసి చెట్టు మొదట్లో పోసి లోపలికి వెళ్లిపోయాడు. అన్నాలు పెట్టారు, తిన్నాం. ఎవరూ ఎవరినీ ఇంకొంచెం వేసుకొమ్మనలేదు. బయలుదేరేటప్పుడు మామ ఆ డబ్బాను మళ్లీ డిక్కీలో పెట్టాడు. నీళ్లు దాదాపు నిండుగానే ఉన్నాయి. అన్నేళ్లలో ఆ డబ్బా నీళ్లతో తిరిగి రావడం అదే మొదలు. దారి పొడవునా వెనక నుంచి ఆ చప్పుడు వింటూ కూర్చున్నాం.

ఆ తర్వాత మామ మా ఇంటికి రాలేదు. ఆదివారాలు బాపు టీవీలో మాట్లాడేవాళ్లతో వాదులాడేవాడు, వాళ్లు జవాబివ్వకపోయేసరికి కట్టేసేవాడు. అమ్మ మోకాళ్ల నొప్పి గురించి చెప్పడం మానేసింది. "ఇల్లు సప్పగైంది బిడ్డా" అని మాత్రం అనేది. నాకు ఇద్దరి మీదా ఒళ్లు మండేది. నొప్పి ఒకరిది, పంతం ఇద్దరిది.

చివరికి బాపుకు రావాల్సిన దాంట్లో కొంత వచ్చింది. మిగతాది నేను సర్దాను. ఆపరేషన్‌కు రోజు ఖాయమైంది. అప్పుడు అమ్మ మొండికేసింది. తమ్ముడు రాకుంటే తాను పోనంది.

"రమ్మను. నేనొద్దన్ననా?" అన్నాడు బాపు.

"మాట అన్నోళ్లే పిలవాలె" అంది అమ్మ గోడవైపు తిరిగి.

బాపు చాలాసేపు వాకిట్లో పచార్లు చేసి ఫోన్ తీశాడు. "బామ్మర్దీ, బుధవారం అక్కకు ఆపరేషన్. రా" అని చెప్పి పెట్టేశాడు.

బుధవారం పొద్దున్నే మామ దవాఖానకు వచ్చాడు. భుజాన నల్లా నీళ్ల డబ్బా. మర్రిగూడ నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడట. హైదరాబాద్‌లో నీళ్లకేం తక్కువ మామా అని అడిగాను. "మీ బాపు తెచ్చిననాడు మా ఊర్లె నీళ్లు లేకుండెనా?" అని డబ్బాను అమ్మ మంచం కిందికి తోశాడు. బాపుకు ఇమ్మని అనలేదు, బాపు అటు చూడలేదు. మంచానికి చెరోవైపు నిలబడ్డారు.

"పైసలన్ని వచ్చినయా?" మామ నన్ను అడిగాడు. కొన్నే వచ్చాయన్నాను.

"మా సర్కారే ఉంటె..."

"మీ సర్కారు చేసిన పనికే..." బాపు అందుకున్నాడు.

అమ్మ చెయ్యెత్తింది. ఆపరేషన్ ఉందని పొద్దుటి నుంచి నీళ్లు కూడా తాగనివ్వలేదు, నోరు ఎండిపోయి ఉంది.

"బిడ్డా, మీ బాపుకు చెప్పు. నేను పెండ్లయ్యేదాక తాగినయన్ని అప్పు లేని నీళ్లే. బాయివి, బోరింగువి. ఎవలకు పైస బాకీ లేకుండె. ఇగో, ఇవి నా మోకాళ్లు." కాసేపు ఊపిరి తీసుకుని మామ వైపు తిరిగింది. "నువ్వు గూడ ఇను తమ్మీ. మీ బావ ఉద్యోగమంత ఒళ్లొంచి చేసిండు. ఆయనకు రావాల్సింది రాలేదంటె అది గూడ సర్కారు అప్పే. దాన్ని మీరెవ్వలు అప్పు అనరేంది?"

బాపు వంగి మంచం కింద నుంచి డబ్బా లాగాడు. గ్లాసు కడిగి నిండా పోసుకుని, నిలబడే తాగాడు. అమ్మ ఆ నీళ్లనే చూస్తోంది.

"ఎట్లున్నయి?" అని అడిగింది.

"మంచిగనే ఉన్నయి."

అంతలో బండి తెచ్చారు. అమ్మను దాని మీదికి మార్చాక ఆమె ఇద్దరినీ దగ్గరికి పిలిచింది. "నేను బయటికొచ్చేదాక మీరు మాట్లాడుకుంటనే ఉండాలె. కొట్లాడుకున్న సరే. సప్పుడు లేకుంటె నాకు బుగులైతది" అంది. తలుపులు మూసుకున్నాయి.

బయట బెంచీ మీద కూర్చున్నాం. బాపు మామ వైపు తిరిగాడు.

"నల్లా రోజు వస్తున్నదా?"

ఇన్నేళ్లలో ఆయన ఆ మాట ఎప్పుడూ అడగలేదు.

"లేదు బావా. ఈ నడుమ పైపు పగిలింది. ఒకనాడు వస్తె నాలుగొద్దులు రాదు. బాగుచేసెటోడు బిల్లు రాలేదంటడు."

"రానినాడు?"

"బోరు నీళ్లే."

"పిల్లలు గూడనా?"

మామ తల ఊపాడు. ఆయన మనవరాలు అప్పుడే బడికి వెళ్తోంది. పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వస్తున్నాయి. నాకు ఆ రోజు డిక్కీలో తిరిగొచ్చిన డబ్బా గుర్తొచ్చింది.

"మరి చెప్పవేందిరా?" అన్నాడు బాపు.

"నీకెట్ల చెప్పాలె? నవ్వుతవ్ గద."

బాపు ముఖం అంత చిన్నబోవడం నేను ఎన్నడూ చూడలేదు. "ఆదివారం డబ్బా తెస్త. రెండు తెస్త" అన్నాడు చివరికి. "ఆ బిల్లు ఏడ ఆగిందో గూడ అడుగుత."

మామ కండువాతో ముఖం తుడుచుకున్నాడు. అమ్మ మాట గుర్తొచ్చిందేమో, బాపే అందుకున్నాడు.

"ఎన్నన్న చెప్పు, అప్పయితె మీవోళ్లు ఎక్కువనే చేసిండ్రు."

"మీవోళ్లు తక్కువ చేస్తుండ్రా బావా?"

తలుపుల అవతల అమ్మకు ఏమీ వినిపించదని ఇద్దరికీ తెలుసు. అయినా కొంచెం గొంతు పెంచే మాట్లాడుకున్నారు.