అప్ప ఫొటోకి పతకం

మా అక్కని అప్ప అనేవాణ్ణి. ముసలితనంలోనూ పీట మీంచి లేచే ముందు పది వేళ్లూ నేలకు ఆనించి తలెత్తేది, పరుగు పందెంలో ఈల కోసం చూస్తున్నట్టు.

చిన్నప్పుడు బడి పందెంలో గెలిచిన పతకాన్ని పోయినేడు తన ఫొటోకి రిబ్బనుతో తగిలించుకుంది. రాజాం నుంచి చూడ్డానికి వెళ్లిన నాకు ఒళ్లు మండింది.

"బతికున్న మనిషి ఫొటోకి దండేటప్పా? తీసీ!"

"సచ్చిపోనాక ఏస్తే నానెలా సూస్తాన్రా, ఎర్రి తమ్ముడా?"

ఇంటికి అరిష్టమని కేకలేసి, నేనే స్టూలెక్కి తీసి పెట్టెలో పడేశాను. ఆమె మళ్లీ తగిలించలేదు.

మొన్న ఆమె పెద్దకర్మ నాడు మేనకోడలు ఆ పతకంతో నా దగ్గరకొచ్చింది.

"మావా, అమ్మ ఫొటోకి ఇప్పుడేస్తే తప్పు నేదు కదా?"

ఆనాటి స్టూలే తెచ్చి ఫొటో కింద వేశాను.