మెయ్‌నూత్ ఇంటర్వ్యూ మీద నేను కురిపించిన మంచు

ఐర్లండ్‌లో మాంద్యం చాలామంది ఉద్యోగాలు ఊడగొట్టింది. నాదీ అలాగే ఊడింది, కాదనను. కానీ దాని తర్వాత రావలసిన ఉద్యోగాన్ని మాత్రం ఎవరి సాయమూ లేకుండా, పూర్తిగా శాస్త్రీయ పద్ధతిలో, నేనే పోగొట్టుకున్నాను. ఆ ఘనకార్యం వివరిస్తాను. నవ్వడానికి మొహమాటపడకండి, అప్పట్లో నేనున్న లూకన్‌లోని తెలుగువాళ్లెవరూ పడలేదు.

ఫిబ్రవరి నెల. అక్కడివాళ్ల లెక్కలో ఫిబ్రవరి వస్తే వసంతం వచ్చినట్టే. నా లెక్కలో అది రెండు స్వెటర్ల మీద రజాయి కప్పుకుని, కిటికీలోంచి డాఫొడిల్ పూల మొగ్గల్ని చూసి ‘మీకేం తొందర’ అని జాలిపడే కాలం. వేరే పని లేదు కనుక వాతావరణ పటాలు చదవడం నేర్చుకున్నాను. గాలి దిశ, పీడనం, పైపొరల్లో ఉష్ణోగ్రత కలిపి ఒక ప్రోగ్రాం రాశాను. ఒకసారి మంచు పడుతుందన్నాను. ఖర్మ కాలి నాలుగు తునకలు రాలాయి. ఇక పిల్లల పుట్టినరోజు ఏ రోజు చేసుకోవాలన్నా మనవాళ్లు నాకే ఫోన్ చేసేవాళ్లు. బంగాళాఖాతంలో వాయుగుండం లేవాలన్నా నన్నడగాలేమో అన్నంతగా పొంగిపోయాను.

సరిగ్గా అప్పుడు పక్క ఊరు మెయ్‌నూత్‌లో ఒక చిన్న కంపెనీ గురువారం ఇంటర్వ్యూకి పిలిచింది. నెలల తరబడి దరఖాస్తులు పెడితే వచ్చిన ఒకే ఒక్క పిలుపు. అది తప్పితే వీసా గడువు ముగిసి దేశం వదలడమే. అలాంటి గురువారం మీద నా ప్రోగ్రాం మంచు కుమ్మరించింది.

నేను అద్దెకున్నది ప్రసాదన్న ఇంట్లో. కరీంనగర్ మనిషి, అక్కడి ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు. ఇంటర్వ్యూ వాయిదా అడుగుతానంటే ఆయన టీ కప్పు కింద పెట్టేశాడు.

“అరేయ్, వాళ్లు పిలిచిందే ఎక్కువ. మంచు పడితే నా కార్ల దింపుత, పో.”

“తూర్పు గాలి, పైన చలి, కింద తేమ. మూడూ కలుస్తున్నాయన్నా. రోడ్లు మూసేస్తారు.”

“టీవీల ఎండ అంటున్నరు కదరా.”

“టీవీవాళ్లు దేశం మొత్తానికి చెబుతారన్నా. నేను లూకన్‌కీ మెయ్‌నూత్‌కీ మధ్య చెబుతున్నాను.”

ఈ మాట అంటున్నప్పుడు నా ముఖం ఎలా వెలిగిపోయిందో మీరే ఊహించుకోండి.

కంపెనీలో ఇంటర్వ్యూలు చూసే ఓర్లా అనే ఆవిడకు ఫోన్ చేసి, పీడన రేఖలతో సహా వివరించాను. ముందుచూపున్న కుర్రాడు అనుకుంటుందని ఆశ. ఆవిడ ఓపికగా విని, “నో బాదర్ అట్ ఆల్”, ఏం ఫరవాలేదంటూ, తర్వాతి మంగళవారానికి మార్చింది.

గురువారం వచ్చింది. ఎండ. పక్కింటాయన చొక్కా చేతులు మడిచి గడ్డి కోస్తున్నాడు. ప్రసాదన్న బయట కారు కడుగుతూ, నావైపు చూడకుండానే, “మంచునంత తుడుస్తున్న తమ్మీ” అన్నాడు.

బుద్ధున్నవాడైతే ఇక్కడ ఆగుతాడు. నేను ఇంజినీరుని, ప్రోగ్రాం సరిచేశాను. సరిచేసిన ప్రోగ్రాం మంగళవారం నులివెచ్చగా ఉంటుందని తేల్చింది. టీవీలో మంచు హెచ్చరిక వస్తుంటే ఛానెల్ మార్చాను. పొద్దున్నే డ్యూటీకి వెళుతూ ప్రసాదన్న దింపుతానంటే వద్దన్నాను. ఓవర్‌కోటు కూడా లేకుండా, సూటు నలగకుండా బస్సెక్కాను.

దారిలో లేక్స్‌లిప్ దగ్గర ఎత్తు ఎక్కుతుండగా మంచు మొదలైంది. తునకలు కావు, ఇడ్లీలు. బస్సు రోడ్డుకి అడ్డం తిరిగి ఆగిపోయింది. పళ్లు టకటకలాడుతుంటే ఓర్లాకి ఫోన్ చేసి, మంచులో చిక్కుకున్నానని చెప్పాను.

ఆవిడ మామూలు గొంతుతోనే అంది:

“మేమూ ఆఫీసులో చిక్కుకున్నాం. పొద్దున ఇళ్లలోనే ఉండిపోదామనుకున్నాం. మీ దగ్గర్నుంచి ఫోన్ రాలేదు కదా, పడదులే అని వచ్చేశాం.”

వెక్కిరింపో, నిజమో ఇప్పటికీ తెలియదు. ఉద్యోగం మాత్రం గురువారం నాడు ఎండలో హాయిగా నడిచొచ్చిన ఎవరికో దక్కింది. నేను విమానం ఎక్కిన రోజున ఐర్లండ్ మొత్తానికి వసంతం వచ్చింది.

అందుచేత పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఆకాశం గురించి ఇక నోరెత్తను. రేపు పెళ్లిచూపుల్లో అమ్మాయి మాట కలపడానికి “బయట మబ్బు పట్టిందా?” అని అడిగినా సరే, వాళ్ల నాన్నగారిని అడగమంటాను.