పండుగ కాకముందు మోసుకెళ్లిన మామిడికాయలు

మార్చి ఎండల్లో, మోకాళ్లు పట్టేసిన తల్లిని వెంటబెట్టుకుని దమ్మపేట అవతల అడవి అంచుకు సరదాగా వెళ్లేవాళ్లుంటారా? మా అమ్మీ చూపు మందగిస్తోంది. అది పూర్తిగా పోకముందే చిన్ననాటి నేస్తం సమ్మక్కను చూడాలని, ఆమెకు ఒక నిజం చెప్పాలని పట్టుబట్టింది. నిజాం పాలన పోయి మిలిటరీ వచ్చిన రోజుల్లో, ముస్లింల ఇళ్ల మీద పడతారన్న భయంతో, అడవి జవానుగా పనిచేసే మా తాత ఎనిమిదేళ్ల అమ్మీని తెలిసిన కోయ ఇంట్లో ఏడాదిపాటు దాచాడట. ఆ ఇంటి పెద్దలు బొట్టు పెట్టి, లచ్చి అని పిలిచి, మైదానం నుంచి వచ్చిన చుట్టాల పిల్ల అని ఊరికి చెప్పారు. పక్కనే పడుకునే వాళ్ల కూతురు సమ్మక్కకు కూడా అమ్మీ అసలు సంగతి చెప్పలేదు. యాభై ఏళ్లు దాటినా ఆ అబద్ధం ఆమెను పీకుతూనే ఉంది.

ఖమ్మంలో ఆరుంపావుకి బస్సెక్కాం. సత్తుపల్లికి టికెట్టు నలభై చిల్లర, రెండు గంటల పైనే కుదుపులు. అక్కడ అమ్మీ నాలుగు కిలోల పచ్చి మామిడికాయలు కొంది. వద్దంటే వినదు, మోసేది నేను. దమ్మపేటకు ఇంకో బస్సు, అక్కడి నుంచి రానూపోనూ రెండొందల యాభైకి ఆటో.

"ఏ సమ్మక్క? ఆ ఊర్ల నలుగురున్నరు" అన్నాడు డ్రైవరు.

"ముసలామె."

"అట్లయితే ఒక్కతే."

పదకొండున్నరకి చేరాం. నా నడుము నాది కాదు. సమ్మక్క వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తోంది. అమ్మీ "లచ్చిని" అనగానే లేచి, ఆమె ముఖం రెండు చేతులతో తడిమింది. తర్వాత నా చేతిలో సంచి చూసి గబుక్కున కొంగు కప్పింది.

"ఇంకా పండుగ కాలే. గప్పుడు గిట్లనే చేస్తివి."

కొత్త మామిడిని దేవతకు పెట్టి పండుగ చేసుకునేదాకా వాళ్లు కాయ ముట్టరు. ఆ సంగతి తెలియని చిన్న లచ్చి ఇంటి వెనక ఒక కాయ తినేసి టెంక పారేసిందట.

"పెద్దమనుషులు టెంక చూసిండ్రు. మా పిల్లలెవ్వరూ కొరకరు. నువ్వు తిన్నవని తెలిస్తే, నువ్వెవరివో ఆరా తీస్తరు. నేనే తిన్ననని చెప్పిన. ఆ ఏడు నన్ను పండుగ ఆటకు రానియ్యలే."

"జ్వరమని చెప్పినవు గదా?" అంది అమ్మీ.

"జ్వరం లేదు, ఏం లేదు."

"అంటే నీకు తెలుసా?"

"మా పిల్లవు కాదని తెలుసు. ఎవరివో తెల్వది. అడగొద్దన్నది అమ్మ." అమ్మీ చెయ్యి పట్టుకుని అంది, "ఇప్పుడన్న చెప్పు. నీ పేరేంది?"

"ఫాతిమా" అంది అమ్మీ. వినపడలేదేమో, మళ్లీ చెప్పాల్సొచ్చింది. సమ్మక్క ఆ పేరు రెండుసార్లు అనుకుని, "అన్నం తిందువు రా ఫాతిమా" అంది. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

సాయంత్రం నాలుగు దాటితే దమ్మపేట నుంచి బస్సులు పలచబడతాయి, అందుకని మూడింటికే బయల్దేరాం. అలసట ఇంకా తీరలేదు. ఒక పిల్ల తన పండుగ వదులుకుని కాపాడిన ప్రాణం కడుపున నేను పుట్టానని ఇన్నేళ్లకు తెలిసింది. ఆ తెలియడం కూడా బరువుగానే ఉంది. మీరు వేసవి మొదట్లో అటు వెళ్తే, మామిడి పండుగ అయిందో లేదో ఆటోవాళ్లను అడిగి కాయలు కొనండి. మా నాలుగు కిలోలూ తిరిగి ఖమ్మం మోసుకొచ్చాను. బుట్టలో వడిలిపోతున్నాయి, అయినా అమ్మీ ఒక్కటీ కోయనివ్వడం లేదు. సమ్మక్క దగ్గర్నుంచి పండుగైందని కబురు రావాలట.