దేవుడి పిడికెడు

ఎజ్రా పాస్టరు గారు కైకలూరు దగ్గరి లంక ఊళ్లలో ప్రతి శనివారం దోనె మీద తిరిగేవారు. మిషను దొరగారిచ్చిన నల్లకోటు మోచేతుల దగ్గర చిరిగిపోయినా, గుండీలు మెడ దాకా పెట్టుకునేవారు. ప్రతి గుమ్మం దగ్గరా ఒకటే మాట: "దేవుడి పిడికెడు తీశారా అమ్మా?" వండే ముందు పిడికెడు బియ్యం ముంతలో వేసి సంఘానికి ఇవ్వడం అక్కడి వాడుక. ఆయన తినేదీ ఆ బియ్యమే. ప్రాణం మీదికొచ్చినా ఆ ముంత ముట్టకూడదని గట్టిగా బోధించేవారు.

కొల్లేరు పొంగి కూలిపనులు ఆగిపోయిన ఏడు, మార్తమ్మ కూతురు పోయిందని కబురొస్తే వెళ్లారు. నాలుగేళ్ల పిల్ల, డొక్కలెండిపోయి చాప మీద ఉంది. సమాధి చేసి వచ్చాక మార్తమ్మ నిండు ముంత తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.

"ఇంట్లో బియ్యం ఉన్నాయా అమ్మా?" అన్నారాయన.

"ఇంట్లోవి వారం కిందటే అయిపోయాయండి. ఇవి దేవుడివి కదండీ. పిల్ల ఏడ్చినా ముట్టలేదండి," అంది, మెచ్చుకుంటారేమోనని ఆయన మొహంలోకి చూస్తూ.

ఇప్పుడాయన ఏ గుమ్మం దగ్గరైనా "పొయ్యి వెలిగించారా అమ్మా?" అనే అడుగుతారు. మార్తమ్మ గుమ్మం దగ్గర మాత్రం ఏమీ అడగలేరు. ఆమె ఇప్పటికీ ముంత నింపే ఇస్తుంది.