ఓడ ఎక్కిన పరామర్శ

చర్చివాళ్ళు రేవులో నడిపే నావికుల విడిదిలో మా పెద్దమ్మ ఇరవై ఏళ్ళు పనిచేసింది. ఒక్కసారి తప్ప ఎప్పుడూ ఓడ ఎక్కలేదు. ఓడలెక్కి పలకరించే పని ఫాదర్‌గారిది. ఈవిడది టీ కాయడం, ఉన్ని టోపీలు పంచడం, ఫోను దగ్గర తోసుకునేవాళ్ళను వరుసలో నిలబెట్టడం. ఓడ మెట్లంటే హడలు. విడిది వ్యాను నడిపేవాణ్ణి నేను. ఇద్దరు పిల్లల తండ్రినని కూడా చూడకుండా అందరి ముందూ తిట్టేది. ఇప్పుడు ఆ తిట్లంటే చెవి కోసుకుంటాను.

ఒకరోజు సిమెంటు ఓడ నుంచి కబురొచ్చింది. వంటవాడి తల్లి పోయింది. ఓడ దిగడానికి అతనికి అనుమతి లేదు. మర్నాడు పొద్దున్నే ఓడ వెళ్ళిపోతుంది. ఫాదర్‌గారేమో ఆపరేషనై ఆసుపత్రిలో ఉన్నారు.

"ఫోనులో నాలుగు మాటలు చెబుదాంలే పెద్దమ్మా," అన్నాను.

"ఫోనులో పరామర్శేంట్రా? చావు జరిగిన ఇంటికి మనమే వెళ్ళాలి. పాపం, అతనికి ఆ ఓడేగా ఇల్లు."

కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఓడ మెట్లెక్కింది. వెనకే నేను. మెట్టుకోసారి మరియమ్మను, మెట్టుకోసారి నన్ను తలుచుకుంది. ఆవిడకు దండాలు, నాకు తిట్లు. పైన కాపలా మనిషి ఇచ్చిన రిజిస్టరులో, వచ్చిన పని అన్నచోట తెలుగులోనే 'పరామర్శ' అని రాసింది.

వంటవాడు పిండి కలుపుతున్నాడు. కబురు తెలిసి రెండు రోజులైనా, పాతికమందికి మూడు పూటలా వండుతూనే ఉన్నాడట. పెద్దమ్మ గిన్నె లాక్కుని పక్కన పెట్టి, అతణ్ణి భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టింది.

"మీ అమ్మ ఎలా ఉండేది నాయనా?"

నేను వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాను. అతను తన భాషలోనే చాలాసేపు చెప్పాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా పెద్దమ్మ ఊ కొడుతూనే ఉంది. చివరికి అతను భోరుమన్నాడు. పెద్దమ్మ అతని వీపు నిమిరి జపమాల తీసింది. ఆవిడ తెలుగులో, అతను తన భాషలో జపం చెప్పుకున్నారు.

అప్పటికే ఇంజను గదిలో పనిచేసే నడివయసు మనిషి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"మా నాన్న పోయిన ఏడాది పోయాడు. అప్పుడు సముద్రం మీద ఉన్నాను," అని నాతో మెల్లగా చెప్పాడు.

నేను తెలుగులో చెప్పగానే పెద్దమ్మ జరిగి పక్కన చోటిచ్చింది. అతని వెనకే ఇంకొకతను వచ్చాడు. చెల్లెలట, నాలుగేళ్ళయిందట. ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదట.

ఒక్క చావుకని ఓడెక్కిన మా పెద్దమ్మ, ఆ రోజు మూడు చావులు పరామర్శించి దిగింది.