రాళ్ళ ఒడ్డున గొర్రెపిల్ల గొంతు

నన్ను ఎలాగైనా ఏడిపించాలని ఇంట్లోవాళ్ళు పట్టుబట్టిన రోజులవి. ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయి అప్పటికి రెండు నెలలు కావస్తోంది. నా కంట్లోంచి చుక్క నీరు రాలేదు. వేళకు అన్నం తింటున్నాను, పలకరిస్తే బదులిస్తున్నాను. అదే వాళ్ళకు భయంగా ఉంది. "ఒక్కసారి ఏడ్చేయమ్మా, తేలికవుతాది" అని మా అత్త రోజూ చెప్పేది, మాత్ర వేసుకోమన్నట్టు. పాలు ఆగాలని గుండెలకు మల్లెపూలు కట్టింది కూడా ఆవిడే. పాలు ఆగాయి. ఆ పూల వాసన మాత్రం ఎన్ని స్నానాలు చేసినా పోలేదు.

మా ఆయన ఉపాయం వేరు. ఒక ఆదివారం ధర్మవరంలో చీరల కొట్టు మూసేసి, నన్ను కుందుర్పి వైపు జంతువులను చూపించే నడకకు తీసుకెళ్ళాడు. అనంతపురం నుంచి ఇంకో నలుగురు వచ్చారు. దారి చూపించేది నెరిసిన మీసాల గొర్రెల కాపరి. చెరువు కట్ట మీద కాకుండా, అవతల గుట్టలు నీళ్ళలోకి దిగే రాళ్ళ ఒడ్డు వెంబడి నడిపించాడు. నీళ్ళు బాగా దిగిపోయాయి. బండల మీద పాత నీటి గీతలు నా తలకంటే ఎత్తులో ఉన్నాయి.

"మెల్లగా రాండి. ఈడ రాయి కదులుతాది" అంటూ ముందు నడిచాడు.

గుట్ట మీద రెండు బండల సందులో ఎలుగుబంటి కనిపించింది. మా ఆయన బైనాక్యులర్ నా కళ్ళకు పెట్టి, నా మొహం చూస్తూ నిలబడ్డాడు.

"చూసినావా?"

"నల్లగా ఉండాది" అన్నాను.

కొంగలు తెల్లగా ఉన్నాయి. జింకలు పరుగెత్తాయి. నాకు ఏమీ అనిపించలేదు. పాపం, నా మొహం చూడ్డంలో పడి ఆయన ఎలుగుబంటిని సరిగ్గా చూడనే లేదు.

మధ్యాహ్నం ఒక బండ నీడన కూర్చుని చిత్రాన్నం తిన్నాం. తోడేలు కనబడలేదని వచ్చినవాళ్ళలో ఒకాయన సణుగుతూనే ఉన్నాడు. కాపరికి అది చిన్నతనంగా తోచినట్టుంది. "పిలుస్తా ఉండండి" అని రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, తల్లి కోసం వెతికే గొర్రెపిల్లలా అరిచాడు. సన్నగా, వణుకుతూ, ఆగి ఆగి అరిచాడు. అరుస్తున్నది మీసాల మనిషని కళ్ళెదుట కనబడుతున్నా, నా తల గుట్ట వైపు తిరిగింది.

తోడేలు రాలేదు. ఒడ్డు మలుపు అవతల మేస్తున్న మందలోంచి ఒక గొర్రె వచ్చింది. బండల మీద జారుతూ, అరుస్తూ వచ్చి మా సంచులు వాసన చూసింది, టిఫిన్ డబ్బాలు వాసన చూసింది, అందరి కాళ్ళ మధ్యా వెతికింది. అందరూ నవ్వారు. తోడేలు అడిగినాయన ఫోనులో వీడియో తీశాడు.

కాపరి నవ్వలేదు. "మా తమ్ముని మందలోదమ్మా ఇది. దీని పిల్లను తోడేలు ఎత్తకపోయి వారమైంది. ఇంత దూరం ఇనపడతాదనుకోలేదు. తప్పయిపాయ."

"ఎన్ని దినాలు ఎతుకుతాది?" అన్నాను. పొద్దున్నుంచీ నేనై అడిగిన మాట అదొక్కటే.

"పాలు ఇంకేదాకా ఎతుకుతాదమ్మా. ఆనక మరిచిపోతాది."

గొర్రె నా దగ్గరికి వచ్చి, కొంగు వాసన చూసి, అక్కడే ఆగిపోయింది. అప్పుడు తెలిసింది నాకు, రవిక తడిసి ఉందని. కాపరి అరిచినప్పుడే తడిసి ఉండాలి. కొంగు నిండుగా కప్పుకున్నాను. మా ఆయన చూశాడు. తన తువ్వాలు తీసి నా భుజాల చుట్టూ వేశాడు.

"ఇంకోసారి పిలువన్నా, తోడేలు వచ్చినా వస్తాది" అన్నాడు ఫోను పట్టుకున్నాయన.

కాపరి నా వైపు చూశాడు.

"వద్దన్నా" అన్నాను. "ఇది మళ్ళీ వస్తాది."

కాపరి గొర్రె మెడ మీద చెయ్యి వేసి మంద వైపు తోలుకుపోయాడు.

ఆ రోజు కూడా నాకు ఏడుపు రాలేదు. మరిచిపోతాది అన్న మాట ఒక్కటే తగిలింది. దారి పొడవునా అదే భయం. ఇంటికి వచ్చాక తడిసిన రవిక చూసి మా అత్త మళ్ళీ మల్లెపూలకు మనిషిని పంపబోయింది.

వద్దన్నాను. పాలు వాటంతట అవి ఇంకేదాకా ఉండనిమ్మన్నాను.